సంగటి మింగే గొంతు

జూన్ 4, బుధవారం

నూలు అంగడివాళ్ళు జనవరిలో ఊరికే ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ మా అమ్మ దీన్ని రాట్నం కింద ఎత్తు కోసం పెట్టుకుంది. ఈ రోజు లాక్కున్నాను. మగ్గం గుంతలో దిగవద్దనిపించుకున్న మనిషికి చేతులు ఊరికే ఉండవు కదా.

తెలుగులో రాస్తున్నాను. ఉన్నది తమిళనాడులో అయినా ఈ ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే, చదవడం వచ్చింది మాత్రం నాకొక్కడికే. పరదరామి దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో పెరిగి, సరిహద్దు దాటి తెలుగు బడికి పోయిన పుణ్యం అది. అందువల్ల అమ్మ ముక్కు ముందే కూర్చుని అమ్మ గురించి రాసుకోవచ్చు. ఇప్పుడు అదే చేస్తున్నాను.

"ఏం రాస్తుండావురా భూపతీ?" అంది, కండె చుడుతూ.

"రామకోటి."

"మంచిది నాయనా. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది."

విషయం కూడా రాయాలి. పోయిన నెల కైలీ లుంగీ నేస్తూ నేస్తూ మగ్గంలోనే పడిపోయాను. నాకేమీ తెలియదు. కళ్ళు తెరిచేసరికి వీధి వీధంతా మా ఇంట్లో ఉంది. ఎవరో నా చేతిలో తాళాలగుత్తి పెట్టారు. తమ్ముడు గోపినాథ్ పక్కన కూర్చుని పెద్దగా ఏడుస్తున్నాడు. వేలూరులో డాక్టరమ్మ స్కానులన్నీ చూసి ఫిట్స్ అంది. ఆమె పేరు యువరాణి. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. ఒక్కటి కూడా తప్పకూడదు. దీపావళి దాకా మళ్ళీ ఫిట్స్ రాకపోతే మగ్గంలో దిగవచ్చు. అంతవరకూ తన ఇంట్లో మగ్గం వదిలి నా మగ్గం మీద గోపినాథ్ నేస్తాడు. వాడి నేత గురించి ఇక్కడ రాస్తే డైరీ చాలదు.

మాత్ర చూశాను. చింతగింజకు పెద్దన్నలా ఉంది.

జూన్ 5

మింగాను.

జూన్ 6

మింగాను. పొద్దునది.

జూన్ 8, ఆదివారం

నాకు మాత్రలంటే భయం లేదు. ఈ మాట స్పష్టంగా రాసి పెడుతున్నాను.

జరిగేది ఇది. మాత్ర నాలుక మీద పెడతాను. నీళ్ళు పోస్తాను. నీళ్ళు పోతాయి, మాత్ర ఉంటుంది. పెళ్ళిలో భోజనాలయ్యాక కూడా లేవని చుట్టంలాగా అక్కడే కూర్చుని ఉంటుంది. మళ్ళీ నీళ్ళు పోస్తాను. ఈలోగా అది కరగడం మొదలుపెడుతుంది. ఆ చేదుకి గొంతు తలుపు వేసేసుకుంటుంది. తరువాత కళ్ళల్లో నీళ్ళు, దగ్గు, వాంతి వచ్చినట్టు ఉండడం. ఇందులో భయమేముంది? గొంతుకి ఆ మాత్ర నచ్చలేదు, అంతే.

నా భార్య మోహన చెంబుతో నీళ్ళు ఇచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఆమె ముందు దగ్గడం నాకిష్టం లేదు. నీళ్ళు తాగేసి, మాత్ర బుగ్గలో పెట్టుకుని, "ఆఁ, అయింది" అంటాను. తరువాత పెరట్లోకి పోయి తీరిగ్గా ప్రయత్నిస్తాను. పొద్దున పూట నాలుగైదు సార్లకు పోతుంది. సాయంత్రం పూట కొన్నిసార్లు పోదు. పోనిది కాలవలో పడుతుంది. మా కాలవలో దోమలకు ఇక జన్మలో ఫిట్స్ రావు.

జూన్ 11

మోహనకు చెప్పవచ్చు కదా అని ఒక ఆలోచన వచ్చింది. వచ్చినట్టే పంపేశాను.

ఎందుకో రాస్తాను. మా వైపు రాగిసంగటి నమలరు. పులుసులో ముంచి మింగాలి. నమిలితే అది సంగటి తిన్నట్టు కాదు. ఆ విద్యలో నాకు ఈ గుడియాత్తంలోనే కాదు, మోహన పుట్టిన ఆలంగాయంలో కూడా పేరుంది. కొత్తల్లుడిగా పోయినప్పుడు మా మామ నిమ్మకాయంత ముద్దలు చేసి పెడుతుంటే టపటపా మింగాను. బావమరుదులు పని ఆపి చూశారు. మా అత్త ఈ రోజుకీ ఆ కథ చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ ముద్ద కొంచెం పెద్దదవుతుంది. ఇప్పుడు కొబ్బరికాయ దాకా వచ్చింది.

గోపినాథ్‌గాడేమో సంగటి నమలుతాడు. చిన్నప్పటి నుంచీ వాణ్ణి ఎన్ని మాటలు అన్నానో నాకే లెక్క లేదు. పంక్తిలో అందరి ముందూ అన్నాను. వాడి పెళ్ళాం ముందు కూడా అన్నాను. అలాంటి నేను ఇప్పుడు పోయి, మాత్ర దిగడం లేదని చెప్పాలా?

జూన్ 13, శుక్రవారం

బుద్ధి పనిచేసింది. గొంతుకి అలవాటైన దారిలోనే పంపాలి. అమ్మ సంగటి కెలికింది. చిన్న ముద్దలో మాత్ర దాచి, పులుసులో ముంచి, మిగతా ముద్దల మాదిరిగానే వేసుకున్నాను.

సంగటి పోయింది. మాత్ర తిరిగి వచ్చింది.

ఎలాగో నాకు అర్థం కాలేదు. నా గొంతు ఆ ముద్దను విప్పి, తనకు కావలసింది తీసుకుని, అక్కరలేనిది నాలుక మీద పెట్టింది. రేషన్ అంగడిలో కూడా ఇంత బాగా ఏరరు.

"ఏం నాయనా, పులుసులో రాయుండాదా?" అంది అమ్మ.

"ఉండాదిమా" అన్నాను.

అమ్మ సాయంత్రం దాకా పప్పులంగడివాణ్ణి తిట్టింది.

జూన్ 14

సాయంత్రం మాత్ర మింగినట్టే.

జూన్ 19, గురువారం

మోహనకు చెప్పను గాక చెప్పను. ఈ రోజు జరిగినదాని తరువాత అసలే చెప్పను.

పడుగుకు గంజి ఎందుకు పెడతాం? పోగు నున్నగా, ఎక్కడా పట్టుకోకుండా జారిపోవడానికి. మూడు తరాలుగా మా ఇంట్లో చేస్తున్న పనే. ఆ గంజి మాత్రకు పెడితే? ఇంత సులువైన సంగతి ఆ మందు చేసేవాళ్ళకి ఎందుకు తట్టలేదో అనుకున్నాను. పడుగుకు పెట్టగా మిగిలిన గంజిలో ఒక వారం మాత్రలు ముంచి, పళ్ళెంలో పరిచి, మిద్దె మీద ఎండబెట్టాను. నాకు నేనే తెలివైనవాడిగా కనబడ్డాను.

మధ్యాహ్నం కిందికి వచ్చేసరికి అమ్మ పొయ్యి మీద నూనె పెట్టి ఉంది. చేతిలో ఆ పళ్ళెం.

"మోహన వడియాలు ఎప్పుడు పెట్టిందిరా? ఇంత లావుగా పెడితే యాడ వేగతాయి?"

పళ్ళెం లాక్కుని, బొద్దింకల మందని చెప్పాను. అమ్మ దడుచుకుని నూనె కూడా పారబోసింది. మాత్రలన్నీ ఒకదానికొకటి అంటుకుని గడ్డ కట్టాయి. అందులోంచి ఒకటి ఊడబీకి నోట్లో వేసుకుంటే అంగిలికి అతుక్కుంది. వేలు పెట్టి తీయాల్సి వచ్చింది.

వారానికి సరిపడే మాత్రలు పోయాయి. పోనీ. నిజం చెప్పాలంటే ఈ మధ్య నాకు బాగానే ఉంది. డాక్టర్లు ఎప్పుడూ కొంచెం ఎక్కువ జాగ్రత్తగానే రాస్తారు.

జూన్ 25

బాగానే ఉంది.

జులై 2, బుధవారం

రాయడానికి చెయ్యి నొప్పిగా ఉంది. సోమవారం టీ అంగడి ముందు పడ్డానట. మోచెయ్యి గీరుకుంది, నాలుక కొరుక్కున్నాను. నాకు గుర్తున్నది టీ అడగడం, తరువాత మోహన ఒళ్ళో తల ఉండడం. టీ తాగానో లేదో కూడా తెలియదు.

మోహన నా చొక్కా ఉతికి ఆరేసింది. ఎల్లుండి వేలూరు పోవాలి.

జులై 4, శుక్రవారం

ఇది సరిగ్గా రాయాలి.

యువరాణి డాక్టరమ్మకు తెలుగు వచ్చు. ఆంధ్రా నుంచి వచ్చే రోగుల దగ్గర నేర్చుకుందట. కొంచెం సాగదీసి మాట్లాడుతుంది, కానీ మర్యాదగా మాట్లాడుతుంది. "మాత్రలు తప్పకుండా వేసుకుంటున్నారా?" అని అడిగింది నన్ను చూసి.

నేను నోరు తెరిచాను. తెరిచానని ఒట్టు. నాకంటే ముందు మోహన అందుకుంది.

"ఒక్కటి గూడా తప్పలేదు డాక్టరమ్మా. నేనే చెంబు చేతికిస్తా. ఈయప్ప నా కండ్లముందరే మింగతాడు. మా యమ్మ మీద ఒట్టు."

ఆ ఒట్టు వేసేటప్పుడు ఆమె ముఖం చూడాల్సింది. బడిలో పిల్లవాడికి ఫస్టు మార్కు వచ్చిందని చెప్పే తల్లిలాగా ఉంది.

డాక్టరమ్మ నా చీటీలు తిరగేసింది. "సరిగ్గా వేసుకుంటున్నా ఫిట్స్ వచ్చాయంటే, ఈ మందు మీకు చాలడం లేదని అర్థం" అంది. ఆ మాత్ర పవరు పెంచింది. దానికి తోడు ఇంకో మాత్ర రాసింది. మగ్గం సంగతి అడిగాను. "దీపావళి మాట మరిచిపోండి. వచ్చే ఏడాది చూద్దాం" అంది.

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. కానీ మోహన ఒట్టు వేసి ఉంది. నేను నిజం చెబితే ఆమె ఒట్టు అబద్ధమైపోతుంది, డాక్టరమ్మ ముందు ఆమె పరువు పోతుంది. అందుకే ఊరుకున్నాను. మోహన కోసమే ఊరుకున్నాను.

మందుల అంగడిలో కొత్త మాత్రలు ఇచ్చారు. పాతది చింతగింజకు పెద్దన్న అయితే ఇవి వాళ్ళ నాయన, పెదనాయన.

జులై 5

ఒకటి పోయింది. ఒకటి పోలేదు.

జులై 9

నిజంగానే ప్రయత్నిస్తున్నాను. టీ అంగడి తరువాత నాకు భయం పట్టుకుంది. మాత్రలంటే కాదు, మళ్ళీ పడటమంటే. పెరట్లో అరగంట నిలబడి మింగుతున్నాను. పక్కింటివాళ్ళు నాకు విరేచనాలనుకుంటున్నారు. అనుకోనీ.

జులై 16, బుధవారం

మోహన ఈ మధ్య మధ్యాహ్నం పూట ఇంట్లో ఉండడం లేదు. వీధి చివర అంబుజం ఇంటికి పోతోంది. అక్కడ పెద్ద టీవీ కొన్నారు. సీరియల్ మోజు నలభై దాటాక వస్తే ఇలాగే ఉంటుంది. వచ్చాక భుజాలకు, మడమలకు బామ్ రాసుకుంటుంది. "సీరియల్లో మీరు గూడా పరిగెత్తుతారా ఏంది?" అని అడిగాను. నవ్వలేదు. మామూలుగా అయితే దీనికి నాకు రెండు తగిలించేది.

జులై 24

పొద్దున పోయింది. సాయంత్రం పోలేదు. ముద్దలో చుట్టి, అరటిపండులో పెట్టి, పెరుగులో వేసి, తల పైకెత్తి, తల దించి, ముక్కు మూసుకుని అన్నీ చూశాను. ముక్కు మూసుకుంటే తుమ్ము వచ్చింది. మాత్ర గోడకు తగిలింది.

ఆగస్టు 5, మంగళవారం

ఆలంగాయం నుంచి మా అత్త ఫోన్ చేసింది. మోహన ఫోన్ ఇంట్లోనే వదిలి పోయింది. ఇచ్చి వద్దామని అంబుజం ఇంటికి పోయాను.

టీవీ కట్టేసి ఉంది. మగ్గం చప్పుడు వినిపించింది. వినగానే తెలిసిపోయింది, నేస్తున్నది అంబుజం కాదని. గోపినాథ్ కూడా అంత ఘోరంగా నేయడు. కిటికీలోంచి చూశాను. మగ్గం గుంతలో మోహన కూర్చుని ఉంది. ఆలంగాయంలో మొక్కజొన్న కోసిన మనిషి. మా ఇంటికొచ్చాక కండెలు చుట్టడం నేర్చుకుంది, మగ్గం జోలికి ఎన్నడూ రాలేదు. అంబుజం పక్కన నిలబడి, "ముందర కాలు తొక్కుమే! కాలు! చెయ్యి తర్వాత!" అని అరుస్తోంది.

నాకు నవ్వు వచ్చింది. లోపలికి పోయి రెండు మాటలు అనాలని ఒక అడుగు వేశాను కూడా.

"సీక్రం నేర్పీ అక్కా, తొందరగా నేర్పీ" అంది మోహన. "మందు పనిచేయలేదని డాక్టరమ్మ చెప్పేసింది. తప్పకుండా మింగినా పనిచేయలేదంటే ఇంక ఏం జేసేది? ఈయప్ప మళ్ళా మగ్గం దిగేది యాడ. మనిషి దక్కితే చాలు నాకు."

"ఏడవాకుమే. పోగు తెగతాది."

"ఇంట్లో ఏడిస్తే ఆయప్ప బయపడతాడు. అందుకే ఈడ ఏడుస్తుండా."

ఫోన్ ఇవ్వకుండానే వచ్చేశాను.  పెరట్లోకి పోయి నిలబడ్డాను. చేతిలో మాత్ర కూడా లేదు, ఊరికే నిలబడ్డాను.

నా గొంతు కోసం ఆమె రోజూ వీధి చివరకు పోయి ఏడుస్తోంది. మందు పనిచేయకపోవడమేముంది? దానికి నేను పని ఇస్తే కదా.

ఆగస్టు 6

వేలూరు పోవాలని చెప్పాను. "ఇంకా టైముండాదే, ఏమన్నా అయిందా? మళ్ళా వచ్చిందా? నాకు చెప్పకుండా పడినావా?" అని మోహన నా తల, చేతులు అన్నీ తడిమింది. ఏమీ కాలేదన్నాను. నమ్మలేదు. ఎలా నమ్ముతుంది?

ఆగస్టు 8, శుక్రవారం

బస్సులో గుడియాత్తం నుంచి వేలూరు దాకా లోలోపల చెప్పుకుంటూనే ఉన్నాను. అరవంలో అయితే గౌరవంగా ఉంటుందనిపించింది. అరవంలో మూడు విధాలుగా సిద్ధం చేసుకున్నాను. లోపలికి పోయి కూర్చోగానే మూడూ పోయాయి.

"చెప్పండి భూపతిగారూ, ఎలా ఉన్నారు?"

మోచెయ్యి గురించి చెప్పాను. నిద్ర గురించి చెప్పాను. ఎండలు ఎక్కువగా ఉన్నాయని చెప్పాను. డాక్టరమ్మ తల ఊపుతూ బయట ఎంతమంది ఉన్నారో చూసుకుంది. ఇక లేచిపోతామేమోనని భయం వేసి, ఎదురుగా ఉన్న బల్లనే చూస్తూ చెప్పేశాను.

"డాక్టరమ్మా, మందు మంచిదే. అది నా కడుపులోకి సరిగా పోనేలేదు. మాత్ర మింగలేకుండా ఉండా. నోట్లో ఆగిపోతుండాది. సగం కాలవలో పారేసినా. ఈయమ్మకు తెలీదు, పాపం ఒట్టేసింది. ఇదే మందు చిన్నపిల్లోళ్ళకిచ్చేమాదిరి నీళ్ళమందుగా ఉంటే ఇయ్యమ్మా. తాగతా."

మోహన వైపు చూడలేదు. చూసే ధైర్యం లేదు.

"ఉంది కదా" అంది డాక్టరమ్మ.

అంతే. ఉంది కదా. జూన్ నుంచి నేను కక్కలేని మాటకు ఆమె ఇచ్చిన జవాబు ఇంతే ఉంది.

తరువాత ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. అన్నం, నీళ్ళు పోవడంలో ఏమైనా ఇబ్బంది ఉందా అని అడిగింది. సంగటి మింగుతానని చెప్పాను. అలా చెబుతుంటే నాకే సిగ్గేసింది. టార్చి వేసి గొంతు చూసింది, తన ముందే నీళ్ళు తాగించి చూసింది. గొంతులో ఏ లోపమూ లేదంది. "మాత్ర మాత్రమే పోనివాళ్ళు చాలామంది వస్తారు. కొందరు అడుగుతారు, కొందరు మీలాగా దాస్తారు" అంది. రోజుకు ఎన్ని పోయేవో, ఎన్ని పోలేదో అడిగి రాసుకుంది. రెండో మాత్ర తీసేసింది. మొదటి మందే నీళ్ళమందుగా రాసి, కొలత గీతలున్న చిన్న గిన్నెతో కొలిచి తాగమంది. నడుమ నడుమ ఆపితే ఫిట్స్ తిరగబడతాయని, ఈసారి ఏదైనా కష్టంగా ఉంటే వెంటనే ఫోన్ చేయమని చెప్పింది. గంజి సంగతి కూడా చెప్పేశాను, ఎలాగూ చెబుతున్నాను కదా అని. అప్పుడు మాత్రం ఆమె కొంచెంసేపు అటువైపు తిరిగి కూర్చుంది.

"మగ్గమో?" అన్నాను.

"లెక్క ఈ రోజు నుంచి మొదలు. ఉగాదికి చూద్దాం."

దీపావళికి దిగవలసినవాణ్ణి. నా నోటి వల్ల ఉగాదికి పోయాను.

తిరుగు బస్సులో మోహన కిటికీ పక్కన కూర్చుంది. నీళ్ళమందు సంచి ఒళ్ళో గట్టిగా పట్టుకుని ఉంది.  వేలూరు దాటగానే ఫోన్ తీసి ఆలంగాయానికి చేసింది.

"అమ్మా, ఎట్లుండావు? ఒళ్ళు బాగుండాదా? జరమేమీ లేదు కదా? తల తిరగతుండాదా? ఏమీ లేదు, ఊరికే అడిగినా."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. ఆమె తన తల్లి మీద ఒట్టు వేసింది కదా. నేను నవ్వడం చూసి నా తొడ మీద గట్టిగా గిల్లింది. గిల్లి, ఏడవడం మొదలుపెట్టింది. పళ్ళికొండలో ఎక్కినవాళ్ళు మమ్మల్ని చూసి వేరే సీటుకు పోయారు.

"నీ గొంతులో మాత్ర పోలేదని నాకు చెప్పేదానికి సిగ్గా? నవ్వుతానని సిగ్గా? నవ్వేదాన్నే! రెండు దినాలు నవ్వుంటా, ఆమీట ఊరుకుంటా. నువ్వు పోతావని బయపడినానయ్యా నేను. మందు గూడా చేతులెత్తేసిందే, ఇంక ఈ మనిషి నాకు లేడే అని బయపడినా. అది ఎట్లుంటాదో తెలుసునా నీకు?"

తెలియదని చెప్పాను. తప్పయిందని చెప్పాను. ఆమె భుజం మీద చెయ్యి వేస్తే తోసేసింది. గుడియాత్తం బస్టాండు వచ్చాక దిగడానికి మాత్రం నా చెయ్యే పట్టుకుంది. నేను ఈమెకు ఇంత కావలసినవాణ్ణని నాకు తెలియకపోలేదు. కానీ తెలిసినట్టు బతకలేదు.

ఆగస్టు 10, ఆదివారం

ద్రాక్షపండు వాసన వేస్తోంది మందు. తాగాను. రెండు పూటలా తాగాను. ఎవరూ చూడకపోయినా తాగాను.

ఇంట్లో అందరికీ మోహనే చెప్పింది. అమ్మ కన్నీళ్ళు వచ్చేలా నవ్వింది. వడియాల సంగతి గుర్తొచ్చి మళ్ళీ నవ్వింది. గోపినాథ్ ఈ రోజు నేత లేకపోయినా మధ్యాహ్నం కావాలనే మా ఇంటికి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, సంగటి అడిగి పెట్టించుకున్నాడు. ఒక్కొక్క ముద్దా ఎంత తీరిగ్గా నమిలాడో!

"అన్నా, నీకేమన్నా నమిలిపెట్టేదా?" అన్నాడు.

అననిచ్చాను. వాడికి నా బాకీ ఇంకా చాలా ఉంది.

ఆగస్టు 14, గురువారం

అక్కడ పని పేరుకుపోయిందని గోపినాథ్ తన మగ్గానికి తను పోయాడు. ఇక నా మగ్గం ఉగాది దాకా ఖాళీ అనుకున్నాను. పొద్దున నేను మందు తాగి వచ్చేసరికి మోహన చీర కుచ్చిళ్ళు పైకి దోపి గుంతలో దిగి కూర్చుంది.

"మందు పనిచేస్తుండాది కదా, ఇంక నువ్వెందుకు?" అన్నాను.

"నేర్చుకున్నది ఊరికే పోతాదా? ఉగాది దాకా నేను నేస్తా. ఆమీట నువ్వు దిగతానంటే చూద్దాం. పో, పోయి అత్త పక్కన కూర్చోని కండెలు చుట్టు."

కూర్చుని చుట్టాను. అమ్మ నాకు రాట్నం తిప్పడం నేర్పింది, చిన్నపిల్లవాడికి నేర్పినట్టు. మధ్యాహ్నానికి మోహన జానెడు నేసింది. లేచిపోయి చూశాను. చూడకుండా ఎలా ఉంటాను?

"మోహనా, దెబ్బ వదులుగా పడుతుండాది. కైలీ కాదు ఇది, వల. చేపలు పట్టుకోవచ్చు."

ఆమె పేక తోసే నాడె ఆపి, తలెత్తి నన్ను చూసింది.

"ఇది చెప్పేదానికైతే నోరు బాగా లేస్తాదే నీకు!"

నిజమే.  ఆమె నవ్వును దాచుకుంటూ తల దించి మళ్ళీ నేయడం మొదలుపెట్టింది. తరువాతి దెబ్బ గట్టిగానే పడింది. అది కూడా చెప్పాను.